కటింగ్ షాపు నెత్తిన గిటార్లు

పై గదిలో శనివారం శనివారం చేరే గిటారు జనానికి,

మీరంతా క్షేమమేనని పైనుంచి వినబడుతూనే ఉంది. ఇక్కడ నేను క్షేమం కాదు.

నేను కింద కటింగ్ షాపు వాణ్ణి. ఆరేళ్ళుగా కడుపులో పెట్టుకున్న మాట ఇది. పైకొచ్చి చెప్పొచ్చు కదా అంటారేమో. పిలవని గడప నేను తొక్కను. అందుకే మెట్ల కింద మీ ఉత్తరాల డబ్బాలో వేస్తున్నా. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి. కత్తి పట్టిన చెయ్యి కలం పడితే ఇంతే.

సంగతేంటంటే, శనివారం సాయంత్రం నాకు గిరాకీ ఎక్కువ. సరిగ్గా అప్పుడే మీరు నా నెత్తిన గిటారు పాట పెడతారు. పెట్టారు, సరే. పాట ఊపందుకుంటుంది. నా చెయ్యీ ఊపందుకుంటుంది. ఇంతలో టక్కున ఆపేస్తారు! వెనక్కి తిప్పుతారు. అదే ముక్క. మళ్ళీ ఆపుతారు. మళ్ళీ అదే ముక్క. మొన్న రిటైరైన కానిస్టేబుల్‌కి గడ్డం గీస్తున్నా. మీరు ఆ ముక్క వెనక్కి తిప్పినప్పుడల్లా నా చెయ్యి కూడా వెనక్కెళ్ళి కుడి చెంపే మొదట్నుంచీ గీసింది. కుడి చెంప చంటిపిల్లాడి బుగ్గలా తయారైంది. ఎడమ చెంప మీద నురగ ఎండి పెచ్చులు కట్టింది. ఆయనకి జవాబు ఎవరు చెప్తారు?

ఇది మనుషులు చేసే పనేనా? నేనెప్పుడైనా సగం తల కత్తిరించి మనిషిని ఇంటికి పంపించానా? వచ్చే శనివారానికల్లా ఏదో ఒకటి తేల్చండి.

ఇట్లు,
మీ కాళ్ళ కింద కటింగ్ షాపు

తా.క.: ఆఖర్లో ఏడుపు గిటారు ఒకటి పెట్టారే, అది ఎవరిది? ఊరికే అడుగుతున్నా.

*

గౌరవనీయులైన పెద్దాయన గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మా నలుగురికీ తల కొట్టేసినట్టయింది. ఈ సంఘానికి నేను కార్యదర్శిని. మిగతా వారమంతా పళ్ళ డాక్టర్ని.

మా పద్ధతి చెప్తాను. ఆ వారం ఎవరికి ఏ గిటారు విని పిచ్చెక్కిందో, అది తెచ్చి మిగతావాళ్ళకి వినిపించాలి. బస్సు డ్రైవరు గారు మెటల్ అనే హోరు రకం తెస్తారు. లెక్కల మాస్టారు జాజ్ తప్ప ముట్టరు. నర్సు గారిది స్పెయిన్ వాళ్ళ ఫ్లమెంకో. మీరడిగిన ఏడుపు గిటారు నాదేనండి, దాన్ని బ్లూస్ అంటారు. వాయించినాయన ఏ వేలు ఎక్కడ పెట్టాడో, తీగని ఎంత లాగాడో పట్టుకోవడానికి ఒకే ముక్కని తిప్పి తిప్పి వింటాం. గిటారు పిచ్చి పట్టినవాళ్ళు పాటని పాటలా వినలేరండి. అదో జబ్బు.

కింద ఒక పెద్దాయన పని చేసుకుంటున్నారన్న ఆలోచనే లేకపోయింది. క్షమించండి. ఇవాళే గది నిండా మందపాటి తివాచీ పరిచాం. స్పీకరు చప్పుడు సగానికి తగ్గించాం. ఇక మీకు ఇబ్బంది ఉండదు.

ఇట్లు,
సిగ్గుపడుతూ, కార్యదర్శి

తా.క.: మా బస్సు డ్రైవరు గారు మీ షాపు ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. ఆ మనిషి వీధిలో లారీలకే దారివ్వరు.

*

డాక్టరమ్మకి,

మీరు నోటి లోపల గీస్తారు, నేను బయట గీస్తాను. కాబట్టి ఒక పనివాడు ఇంకో పనివాడికి రాస్తున్నట్టు చదవండి.

తివాచీ ఎవరు పరవమన్నారు? నేను రాసిన ఉత్తరంలో తివాచీ అనే మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. ఇప్పుడు నా పైకప్పులోంచి దుమ్ దుమ్ దుమ్ అని తప్ప ఇంకేం రావడం లేదు. అది గిటారో, ఎవరైనా పరుపు దులుపుతున్నారో తెలియక కుర్చీలో కూర్చున్నవాళ్ళు మెడలు పైకి చాస్తున్నారు. నిన్న బేకరీ ఆయన చెవి వెంట్రుకవాసిలో తప్పింది. మనిషి అటు, చెవి ఇటు అయితే ఏ సంఘం అతికిస్తుంది?

మీ మెటల్ మొదట్లో విని ఎవరో రేకుల షెడ్డు కూలుస్తున్నారనుకున్నా. గుండు గీసేటప్పుడు పెడితే తల మీద కత్తి బస్సులా పోతుంది. జాజ్ పెట్టారంటే కత్తి కింద పెట్టేస్తా. అది ఎటు మలుపు తిరుగుతుందో వాయించేవాడికే తెలీదు, చెవుల దగ్గర పని చేసేవాడు దాన్ని నమ్మకూడదు. ఫ్లమెంకోకి నా కత్తెర నా మాట వినదు, దానంతట అదే ఆడుతుంది. ఇక మీ బ్లూస్. అది మొదలైతే చాలు, గడ్డం గీయించుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని ఇంటి గుట్లన్నీ నాకు చెప్పేస్తారు.

సగం గోల ఉందే, అది అసలు గోల కన్నా అన్యాయం. శనివారం లోపు సరిచేయండి.

ఇట్లు,
కటింగ్ షాపు

తా.క.: ఇదంతా మెచ్చుకోలు అనుకునేరు. ఫిర్యాదు.

*

పెద్దాయన గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం సంఘంలో బిగ్గరగా చదివాం. మెటల్ మీకు షెడ్డు కూలినట్టుందనీ, జాజ్ వల్ల మీ పని ఆగిపోతోందనీ, ఫ్లమెంకోకి కత్తెర చెయ్యి జారుతోందనీ, నా బ్లూస్ వల్ల జనం ఇంటి గుట్టు బయటపెట్టుకుంటున్నారనీ తెలిసి నిద్ర పట్టలేదు. ఇంత నష్టం మేం చేస్తున్నామని కల్లో కూడా అనుకోలేదు.

సగం గోల కూడా అన్యాయమేనన్నారు. నిజమే. అందుకని తలో హెడ్‌ఫోన్ కొనుక్కున్నాం. ఇకనుంచి పై గదిలోంచి చీమ చిటుక్కుమన్నా నన్నడగండి.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: మా సంఘం ఇప్పుడు అచ్చం నా క్లినిక్కులో వరండాలా ఉంది. నలుగురం గోడకి చేరబడి, ఎవరి నొప్పి వాళ్ళు పడుతున్నాం. డ్రైవరు గారు పాటకి తల ఊపుతుంటే, వద్దంటున్నారనుకుని మాస్టారు ఆయనకి టీ ఇవ్వలేదు. దెబ్బలాడుకుందామంటే ఎవరేం విన్నారో ఎవరికీ తెలియదు.

*

డాక్టరమ్మకి,

ఏమిటిది? నేను అడుగుతున్నా, ఏమిటిది?

శనివారం సాయంత్రం షాపులో ఏం వినబడిందో రాస్తా, చదవండి. గోడ గడియారం. కుళాయి చుక్క. కానిస్టేబుల్ ముక్కు. అంతే. అప్పటిదాకా తమ వంతు వచ్చినా "ఈ పాట అవనీ" అంటూ కదలకుండా కూర్చునేవాళ్ళు, లేచి ఎదురు షాపుకి పోయారు. అక్కడ టీవీ ఉందట. బేకరీ ఆయన కూడా పోయాడు. చెవి కాపాడినందుకు ఇదీ నాకు దక్కింది.

ఒక మాట నిలదీసి అడుగుతున్నా. పైన మనుషులున్నారా, లేరా? ఉంటే ఉన్నట్టు తెలియాలి. లేనట్టే ఉండేవాళ్ళకి గది ఎందుకు? తాళం వేసి పోవచ్చు కదా.

ఇట్లు,
నోరు మంచిది కాని కటింగ్ షాపు

తా.క.: ఇది చదివి మా ఆవిడ, "ఇలా రాస్తే వాళ్ళు నిజంగానే లేచిపోతారు, ఇంకో వాక్యం చేర్చండి" అంది. ఏ వాక్యమో కూడా చెప్పింది. నేను రాయలేదు. మగాడు రాసే వాక్యం కాదది.

*

పెద్దాయన గారికి,

మీరన్నట్టే తాళం వేసి పోతున్నాం. మీమీద కోపం లేదు. ఆరేళ్ళు ఓర్చుకున్నారు, అదే ఎక్కువ.

మాకు అదృష్టం కూడా కలిసొచ్చింది. మందుల షాపులో "సంగీతానికి గది కావలెను" అని కాగితం అంటించామో లేదో, ఒకావిడ వచ్చి వెనక వీధిలో తన గది చూపించారు. విరిగిన సామాను తీసేస్తే విశాలంగానే ఉంటుంది. "ఎంత చప్పుడైనా చేసుకోండమ్మా" అన్నారు. గోడ అవతల ఎవరైనా గొడవ చేస్తారేమోనని భయపడుతూ అడిగాను. "అవతల ఉండేది నోట్లో నాలుక లేని సాధుజీవి. మీ పాటలంటే ప్రాణం పెడతాడు, పైకి చెప్పుకోలేడు పాపం" అన్నారు. అలాంటి మనుషులు కూడా ఉన్నారంటే మా డ్రైవరు గారికి కళ్ళు చెమర్చాయి. వచ్చే శనివారం చేరిపోతాం.

సెలవు.
కార్యదర్శి

తా.క.: వెళ్ళేముందు ఒకటి చెప్పాలి. నర్సు గారి ఫ్లమెంకోకి కింద నుంచి కత్తెర చప్పుడు వచ్చేది. మా లెక్కల మాస్టారు దాన్ని బట్టే తాళం సరిచూసుకునేవారు. కొత్త గదిలో ఎవర్ని చూసి వేసుకోవాలో తెలియక బెంగపెట్టుకున్నారు.

*

డాక్టరమ్మకి,

ఆ నోట్లో నాలుక లేని సాధుజీవిని నేనే.

కంగారు పడకండి. మీకన్నా ముందు నేనే పడ్డాను. మీ ఉత్తరం చదువుతుండగా షాపు వెనక ధడేల్‌మని చప్పుడు. పోయి చూస్తే గోడ అవతలి గదిలోంచి మా ఆవిడ నా విరిగిన కుర్చీలు ఒక్కొక్కటే వెనక వీధిలోకి తోస్తోంది.

"ఏం చేస్తున్నావే?" అన్నా.

"గది అద్దెకిచ్చాను" అంది.

"ఎవరికి?"

"మీరు వెళ్ళగొట్టినవాళ్ళకి."

గది ఆవిడ పేరు మీదుంది. అరిచే హక్కు నాకు లేదు. అరిచాననుకోండి. మీరేమో ముందు వీధి మెట్లెక్కి పోతారు, ఆవిడ వెనక వీధి గుమ్మంలోంచి వస్తుంది పోతుంది. ఇన్నేళ్ళలో ఒకరి మొహం ఒకరు చూడకపోవడం వల్ల వచ్చింది ఇదంతా.

అరుపు అయ్యాక ఆవిడ ఏమందో కూడా రాస్తా. రాయకపోతే తనే మీకు చెప్తుందట. "వారంలో మీరు నామీద కేకలెయ్యనిది శనివారం సాయంత్రం ఒక్కటే. గిటార్లు పోయాక ఆ పూట కూడా పోయింది. మీమీద జాలిపడి ఇచ్చాననుకున్నారా? నా చెవుల మీద జాలిపడి ఇచ్చాను." నేను నోరు మూసుకున్నా. చూశారుగా, ఆవిడ మీకు అబద్ధం చెప్పలేదు.

ఇక నా మాట. ఒక్కసారే రాస్తా, మళ్ళీ రాయమంటే రాయను. మీ గోల నాకు కావాలి. ఆరేళ్ళుగా కావాలి. ఆపమని నేనేనాడూ అనలేదు. మధ్యలో ఆపొద్దనే మొదటి ఉత్తరం నుంచీ మొత్తుకుంటున్నా. ఆ పాటని దాని చివరిదాకా పోనివ్వండి, తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు వేళ్ళు వెతుక్కోండి. మీ బ్లూస్‌లో ఆ ఏడ్చేవాడు ఆఖరికి ఊరుకుంటాడో లేదో తెలియక కానిస్టేబుల్ ఎన్ని శనివారాలు గీసిన గడ్డంతోనే కూర్చుండిపోయాడో మీకేం తెలుసు?

ఇదంతా తెలిశాక మీరు రారేమోనని మా ఆవిడ భయం. నాకేం భయం లేదు. పొద్దుట్నుంచీ నేను రెండుసార్లు మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయింది డబ్బా ఇంకా ఉందో లేదో చూడ్డానికే.

లెక్కల మాస్టారిని బెంగపెట్టుకోవద్దనండి. జాజ్‌కి మాత్రం కత్తెర ఆడించను. ప్రాణాలతో ఆటలొద్దు.

ఇట్లు,
గోడ అవతలి మనిషి

తా.క.: ఆ గోడకి కిటికీ కొట్టిస్తున్నా. మేస్త్రీ శుక్రవారం పొద్దున్నే దిగుతాడు. కుర్చీలో కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తున కొట్టించాలా, నిలబడి పని చేసే నా చెవి ఎత్తునా? నా చెవి ఎత్తునే అని రాయండి. గురువారం సాయంత్రం నేను షాపు మూసేలోపు మీ జవాబు డబ్బాలో పడకపోతే గోడ మొత్తం తీయించేస్తా.