చెవులు దాటిన జుట్టు

ఔడిలక్కకు,

బాబాయి తాను రాజవగానే నాకు గుండు గీయించి ఈ మఠంలో పడేసిన రోజు నువ్వెంత ఏడ్చావో. పొడవాటి జుట్టున్నవాడే మన ఫ్రాంకు జనానికి రాజు, గుండువాణ్ణి ఎవరు ఒప్పుకుంటారని నీ బాధ. ఇన్నాళ్లూ నన్ను బతికించింది ఆ గుండే అక్కా.

ఇప్పుడు గీయడం మానేశారు. అడిగితే, "మంత్రిగారు వద్దన్నారు బాబూ. మీ బాబాయిగారు ఇక మంచం మీంచి లేవరట," అన్నాడు మంగలిపని చేసే సన్యాసి. తలకు నూనె కూడా వచ్చింది. గేటు దగ్గర కాపలా పెట్టారు.

బాబాయికి ముందు అన్నయ్యను గద్దెనెక్కించిందీ ఆ మంత్రే కదా. ఎడ్లబండిలో ఊరేగించాడు, చెప్పినచోటల్లా ముద్ర వేయించాడు. వేయనన్న నాడు వేటకని తీసుకెళ్లి, పాతిపెట్టి వచ్చాడు.

ఈసారి పంపే రొట్టెలో చిన్న మంగలికత్తి దాచి పంపు. కంగారుపడకు, గొంతుకు కాదు, తలకే. త్వరగా పంపు. జుట్టు చెవులు దాటింది.

నీ తమ్ముడు