తమ్ముడి హస్తవాసి

పోదనూరు,
14 జూలై 2025, సోమవారం ఉదయం

ఆండిపట్టిలో ఉన్న పూజ్యురాలైన అక్క ముత్తమ్మాళ్‌కు తమ్ముడు కోదండరామన్ నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు క్షేమంగా ఉండాలని ఆండాళ్ తల్లిని వేడుకుంటున్నాను. ఈసారి ఆ మాట మర్యాదకు రాయలేదు, నిజంగానే భయపడి రాస్తున్నాను.

ఈ ఉత్తరం తెచ్చిన మా పెద్దవాడు కృష్ణరాజ్ కారు వాకిట్లోనే ఉంచుతాడు. కాఫీ, పలహారం అంటూ వాణ్ణి కూర్చోబెట్టకు. నీ కోడలు అభిరామిని వెంటబెట్టుకుని అదే కారులో ఆస్పత్రికి వెళ్లు. మదురై దాకా వద్దు, దగ్గరున్న తేనికే వెళ్లు. చూపించాల్సింది మోకాళ్లు కాదు, కడుపు.

మా మనవరాలు చారులత ఇక్కడొక ఆస్పత్రిలో పరిశోధన పని చేస్తోంది కదా. అరవై అయిదు దాటినవాళ్లు నొప్పి మాత్రలు మింగితే, ఎవరి కడుపులో పుండు పడి రక్తం కారుతుందో ముందే లెక్కగట్టడం వాళ్ల పని. నిన్న భోజనాల దగ్గర ఊరికే, మా అక్కకు కూడా చూడవే అన్నాను. వయసెంత అంది. డెబ్బై ఎనిమిదన్నాను. ముందెప్పుడైనా పుండు ఉండిందా అంది. నీకు శరత్‌కుమార్ పుట్టిన ఏడాది ఉండిందన్నాను. గుండెకని రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుందని కూడా చెప్పాను. దాని మొహం చిన్నబోయింది. అవ్వ నొప్పి మాత్రలు తింటాదా తాతా, అవి లేకుంటే అంత కవలై, దిగులు లేదు, ఉంటే మాత్రం ఇప్పుడే డాక్టరుకాడికి పోవాల అంది. ఆ గుండె మాత్ర తప్ప ఇంగ్లీషు మందును మా అక్క గడప తొక్కనివ్వదు, మోకాళ్ల నొప్పికి నా చేతి శొంఠి ఉండలే తింటుందని చెప్పాను. తరవాత అన్నం వదిలేసి లేచాను.

సాయంత్రం నీకు ఫోను చేస్తే, వారంగా తల తిరుగుతోందని, విరేచనం తారులా నల్లగా అవుతోందని నువ్వే నవ్వుతూ చెప్పావు. నేరేడుపళ్లు తిన్నానులేరా అన్నావు. నేరేడుపళ్లకు తల తిరగదక్కా. మిల్లు డిస్పెన్సరీలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసినవాణ్ణి, నాకు తెలియదా? అప్పుడే చెప్పాల్సింది. అభిరామి స్పీకరు పెట్టి పక్కనే ఉందని ఫోను పెట్టేశాను.

నా ఉండలు ఈ పూట నుంచి మానెయ్. ఈసారి శొంఠికి బూజు పట్టింది. మా తమ్ముడి హస్తవాసి అంటూ కనిపించినవాళ్లకల్లా రెండేసి పంచిపెడతావు, ఇక ఎవరికీ ఇవ్వకు.

కోప్పడతావని తెలుసు. చిన్నప్పటిలా తొడపాశం పెట్టినా పడతాను. నువ్వు ముందు కారెక్కు.

ఇట్లు,
నీ తమ్ముడు
కోదండరామన్

తా.క. అక్కా, ఇక్కడినుంచి అరవంలో రాస్తున్నాను. మన తెలుగు రాత మీ ఇంట్లో నీకు తప్ప ఎవరికీ చదవడం రాదు, నన్ను కాపాడాలని నువ్వు దాచేస్తావు. అమ్మా అభిరామీ, ఇది డాక్టరుకు చదివి వినిపించు. శొంఠికి బూజు పట్టిందన్నది అబద్ధం. ఉత్త శొంఠితో మీ అత్త నొప్పి తగ్గలేదు. నా పేరు పోతుందని నాలుగేళ్లుగా ప్రతి ఉండలోనూ డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర నూరి కలిపాను. రోజుకు రెండు తింటోంది. నొప్పి మాత్రలు వాడుతుందా అని అక్కడ అడుగుతారు. మీ అత్త లేదనే చెబుతుంది, ఆమెకు తెలియదు. వాడుతుందని నువ్వు చెప్పు.