సమాధుల దొడ్డి పక్క చేను

1936వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీ, సోమవారం. నల్లమల మీద మబ్బు ఉంది, మన వైపు దిగలేదు. పడమటి గాలికి దుమ్ము లేస్తున్నది. పొద్దున కొర్రచేలో రెండు సాళ్లు కలుపు తీసేసరికి ఆయాసం వచ్చింది. ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కొని, ఇది రాయిస్తున్నాను.

కర్నూలు జిల్లా, మార్కాపురం తాలూకా, ఎర్రగుంటపల్లె పాళెంలో కాపురమున్న కీర్తిశేషుడు ఏబేలు భార్య ఎలీషబా అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయించిన వీలునామా. నా తెలివి గురించి సంఘపెద్ద గిద్యోనుకు అనుమానముంది. ఆయన నా పెనిమిటికి అన్న, నాకు బావ. నిన్న ఆరాధన ముగిసినాక వచ్చి, "ఏం మరదలా, పోయేటప్పుడన్నా బుద్ధి తెచ్చుకో" అన్నాడు. నా బుద్ధి ఉన్నచోటనే ఉంది. చెడినది ఊపిరి ఒక్కటే.

బావ అడిగినది రెండు. సంఘం ముందర నిలబడి నా పాపం ఒప్పుకోవాలి. సమాధుల దొడ్డిని ఆనుకొని ఉన్న నా అర ఎకరా చేను సంఘానికి రాసివ్వాలి. అప్పుడు దొడ్డిలో నాకు చోటిస్తారట. లేకపోతే నన్ను వంకలో పూడ్చుకోవాలట. అందుకే ఈ కాగితం.

ఆ పాపం ఏమిటో తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మా సంఘంలో ఆడవాళ్లం ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు గింజలు దేవునికని తీసి వేరే కుండలో వేస్తాము. ఆదివారం ఆ కుండ గుడికి పోతుంది. గుడి నుంచి గింజలు గిద్యోను బావ గాదెకు పోతాయి, భద్రానికి. పద్నాలుగేండ్ల కిందటి కరువులో ఏబేలు చనిపోయినాడు. నా బిడ్డ లీదియాకు అప్పుడు ఆరేండ్లు. ఒకనాటి మధ్యాహ్నం దేవుని కుండలో తప్ప ఇంట్లో ఎక్కడా గింజ లేదు. ఆ గింజలు జావ కాచి పిల్లకు పోసినాను, నేనూ తాగినాను.

నా పొయ్యి పొగ చూసి తోడికోడలు సౌభాగ్యమ్మ వచ్చింది, పోయి మొగునికి చెప్పింది. ఆదివారం ఖాళీ కుండ పట్టుకొని బావ అందరి ముందర, "ఏం మరదలా, దేవుని గింజలు రుచిగా ఉన్నాయా?" అన్నాడు. "ఉప్పు తక్కువైంది బావా" అన్నాను. నన్ను వెలివేసినారు. కరువు మన విశ్వాసానికి పరీక్ష అని ఆ రోజే ప్రసంగం చేసినాడు. పరీక్ష పెట్టినది దేవుడో బావో నాకు తేలలేదు. ఆ ఏడు పాళెంలో కుక్కలు కూడా చచ్చినాయి. బావ గాదె కింద ఎలుకలు మాత్రం బలిసినాయి.

ఆ గింజలు ఉడికేటప్పుడు నాకు భయం వేసిన మాట నిజం. పిడుగు పడుతుందనుకున్నాను. పడలేదు. పిల్ల తాగి నిద్రపోయింది. అంతవరకు నేను చేసినవి ప్రార్థనలు కావు, బావ మాటలకు తోకలు. ఆ మధ్యాహ్నం మొదటిసారి నా సొంత మాటలతో దేవునితో మాట్లాడినాను. ఏమన్నానో రాయించను, అది పంచిపెట్టే ఆస్తి కాదు. వెలివేసిన మరునాడు కూలికి వచ్చిన జొన్నలలో నుంచి నా చెయ్యి దానంతట అదే పిడికెడు తీసి కుండలో వేసింది. అడిగేవాడు లేడు, కొలిచేవాడు లేడు. నాకు విశ్వాసం కుదిరినది ఆ రోజున. బాప్తిస్మం నాడు కుదిరిందని సంఘంవాళ్లు అనుకొని ఉంటారు. అది తప్పు.

కనుక ఒప్పుకోలు చెప్పను. నా స్వార్జితమైన ఆస్తిని ఈ విధంగా పంచుతున్నాను.

1. నేను కాపురమున్న కొట్టం, రెండు మేకలు, రోలు, లీదియాకు సర్వహక్కులతో చెందవలెను. కొట్టానికి ఈశాన్యం మూల వాసం పుచ్చింది, మార్చుకోవాలి. పిల్ల చిన్నప్పుడు కప్పుకొన్న బొంత పెట్టెలో ఉంది. ఉతికే పెట్టినాను.

2. నా కొత్త కంబళి, కొడవలి, చెంచుగూడెం నాగమ్మకు. మా సంఘంవాళ్లు ఆమెను చెట్టుకు మొక్కేది అంటారు. కరువులో ఈ గడపకు అడవిగడ్డలు మోసుకొచ్చినది ఆ చెట్టుకు మొక్కేదే. ప్రార్థన చేస్తామని చెప్పి పోయినవాళ్లు ఇంకా చేస్తూనే ఉన్నారు కాబోలు.

3. గుడి గోడ బయట నేను వేసుకొన్న పలకరాయి గిద్యోను బావకు. ఇన్నేండ్లు ఆదివారాలు దానిమీద కూర్చొనే ఆరాధన విన్నాను. లోపలికన్నా అక్కడ గాలి బాగా వస్తుంది. వానకు తడుస్తాము గాని, ఈ సీమలో ఆ బాధ తక్కువ. రాయి కూర్చొని కూర్చొని నున్నగా అయింది. బావకు ఎప్పుడైనా బయట కూర్చోవలసి వస్తే గుచ్చుకోదు.

4. సమాధుల దొడ్డిలో మోకాలిలోతు తవ్వితే పలకరాయి తగులుతుంది. ఏబేలును అంతలోతులోనే పెట్టి మీద బండలు పేర్చినారు. నా చేనులో మనిషిలోతు మెత్తటి మన్ను ఉంది. బావ కన్ను దానిమీద పడటంలో వింత లేదు, ఆయనకు డెబ్భై దాటినాయి. చేను సంఘానికే ఇస్తున్నాను. షరతులు ఇవి. మొదటి సమాధి నాది, దారి మొదట్లో. ఆ తర్వాత పాళెంలో గాని గూడెంలో గాని ఎవరు చనిపోయినా చోటు లేదనకూడదు. ఏం తిన్నారని, ఎవరికి మొక్కినారని అడగకూడదు. ఒక్క శవాన్ని తిప్పి పంపినా చేను ఆ రోజే లీదియాకు చేరుతుంది. ఆమె దున్ని కొర్ర వేస్తుంది, కింద ఎవరున్నా సరే. బావ కూడా నా పక్కనుంచే రావాలి. నేను అడ్డం లేవను.

5. పిడికెటి గింజల కుండ కూడా లీదియాకే. కుండ గుడికి పోకూడదు. పెరట్లో, చేతికందే చోట ఉండాలి. ఖాళీ కొంగుతో ఎవరు వచ్చినా నింపి పంపాలి, ఎవరి భార్యవని అడగకూడదు. ఈ పాళెంలో నిండు గాదె తాళంచెవి మొగుని మొలతాడుకు ఉన్న ఇండ్లు ఉన్నాయి. ఆ ఆడవాళ్లు పెరటి దారిన వస్తారు. పేర్లు రాయించను.

ఇవి నెరవేర్చే బాధ్యత లీదియా భర్త, కురిచేడు రైలుకట్ట మీద పనిచేసే కృపావరంది. ప్రసంగాలు రానివాడు. అందుకే పెట్టినాను.

చదివించి విని, సమ్మతించి వేసిన వేలిముద్ర: ఎలీషబా.

సాక్షులు:
గొర్రెల పెద్దన్న, సంతకం.
సౌభాగ్యమ్మ, గిద్యోను భార్య, వేలిముద్ర.

దస్తూరి: బడిపంతులు జీవానందం. రెండవ సాక్షిగా పిలిపించిన గిద్యోను నాలుగవ అంశం చదువుతుండగా లేచి, మధ్యాహ్నం వెళ్లిపోయినాడు. ఆయన చోట ఆయన భార్య వేలిముద్ర వేసినది. పెద్దన్న మందకు వేళయిందని వెళ్లినాడు. సౌభాగ్యమ్మ పొద్దుగూకే వేళకు, పెరటి దారిన కాక, వీధి వాకిటి నుంచి వెళ్లినది.