చర్చి డబ్బాలో పిడికెడు

రూతమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈసారి కూడా వాన లేక మక్కజొన్న చేను ఎండిపోయింది. కుండలో బియ్యం ఈరోజు వరకే వస్తాయి. ఆ తర్వాత ఏమిటన్న దిగులు నన్ను వదలడం లేదు.

వండే ముందు రోజూ నువ్వు ఇంట్లో చర్చికని పెట్టిన డబ్బాలో పిడికెడు బియ్యం వేసేదానివి. "రేపటికెట్లనే?" అని నేనడిగితే, "రేపు గూడ దేవుడే సూస్తడు, జర ఊకో" అనేదానివి.

ఈరోజు వంట నేనే చేశాను. ముందుగా డబ్బాలో పిడికెడు వేశాను. మన బిడ్డ చూసి, నిన్ను తలచుకుని నవ్వింది.

"అవ్వ పిడికిలి చిన్నగ ఉండె బాపూ. నీ చేతికి సగం కుండ ఖాళీ అయితది!"

అంతలోనే కుండలోకి చూసి నవ్వు ఆపింది. "మరి రేపటికెట్ల?"

"రేపు గూడ దేవుడే సూస్తడు బిడ్డా" అన్నాను. డబ్బాలో వేసింది తిరిగి తీయలేదు.