నిప్పు చూసిన వెదురు ఉంగరం

పారిస్ నుంచి,
సారపాకలోని మా అమ్మ సన్నిధికి,

అమ్మా, నీ కొడుకు శ్రీను రెండు చేతులూ జోడించి రాస్తున్నాడు. నేను బాగున్నాను. తింటున్నాను, నిద్రపోతున్నాను, స్వెటర్ వేసుకుంటున్నాను. నువ్వు రోజూ అడిగేవాటికి జవాబులు ముందే ఇచ్చేశాను కాబట్టి ఇక నిమ్మళంగా చదువుకో. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్న బీపీ గోళీలు మింగుతున్నాడా, జేబులో పెట్టుకుని మిల్లు దాకా షికారు తిప్పుతున్నాడా? అక్కకు దవాఖానాలో డ్యూటీలు మార్చారా? మీ అంగన్‌వాడీ పిల్లలు ఇంకా నీ కొంగుకే ముక్కు తుడుస్తున్నారా? అందరూ చల్లగా ఉన్నారనే అనుకుంటున్నాను.

చేతిలో ఫోన్ ఉండగా ఈ కాగితం ఎందుకని నాన్న అడుగుతాడు. ఇది నువ్వు వేసిన శిక్షే కదా. "ఫోన్ల నువ్వు అన్నీ నవ్వుకుంట చెప్తవురా. ఏది నిజమో, ఏది ఎకసెక్కమో తెల్వది. నీ కండ్లతోని చూసి, కాయితం మీద రాసి, కింద సంతకం పెట్టు. అప్పుడు నమ్ముత" అన్నావు. కాబట్టి ఇది ఉత్తరం కాదు, సాక్షి వాంగ్మూలం. మొహం సీరియస్‌గా పెట్టుకుని రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నవ్వు తొంగిచూస్తే అది పుట్టుకతో వచ్చిన జబ్బు. కన్నది నువ్వే.

ముందు నా ఉద్యోగం సంగతి. ఊళ్లో నువ్వు "మావోడు బంగారం కొట్ల ఉంటడు" అని చెబితే, శేషమ్మత్త "గంత సదువు సదివి కొట్ల కూసున్నడా" అన్నదట. అత్తకు చెప్పు, కూర్చోనివ్వరు, పొద్దంతా నిలబడే ఉంటానని.

మా అంగడి తరాల నాటిది. రాజులూ రాణులూ ఉన్నప్పుడు వాళ్లకు నగలు చేసింది. రాజులు పోయారు, అంగడి ఉంది. పేరు రాయను. రాస్తే నువ్వు పలకలేవు, నేను పలికితే ఇక్కడివాళ్లు పోల్చుకోలేకపోతున్నారు. కింది అంతస్తులో కొత్త ఉంగరాలు. పై అంతస్తులో పాతవి. ఒకప్పుడు ఈ అంగడే చేసి అమ్మినవాటిని, ఆ ఇళ్లవాళ్లు తెచ్చి ఇస్తే, తానే కొని, శుభ్రం చేసి, మళ్లీ అమ్ముతుంది. ఉంగరం లోపలివైపు ఆవగింజంత ముద్ర ఉంటుంది. దాన్ని చూసి, ఇది మన బిడ్డేనా కాదా అని పెద్దవాళ్లు తేలుస్తారు. దాని కథ కొనేవాళ్లకు చెప్పడం నా పని. అంటే సారపాకలో చేసిన పనే, కథలు చెప్పడం. జీతం మాత్రం ఇక్కడే ఇస్తున్నారు.

ఇక్కడ ఉంగరం కొనే తీరు చూస్తే నువ్వు కళ్లు తిరిగి పడిపోతావు. మనం ఖమ్మం పోతే పిన్ని, పిన్ని కోడలు, కోడలి చెల్లెలు అందరం కలిసి పోతాం కదా. కూల్‌డ్రింకు తాగి, తరుగెంత, మజూరెంత అని సాయంత్రం దాకా యుద్ధం చేస్తాం కదా. ఇక్కడ ఇద్దరే వస్తారు. చిన్న గదిలో కూర్చోబెట్టి, మఖ్మల్ పళ్లెంలో ఒక్కొక్క ఉంగరమే తెస్తాం. గుసగుసగా మాట్లాడతారు, అచ్చం రామాలయంలో దర్శనం వరసలో ఉన్నట్టు. ఎవరూ తూకం అడగరు. అసలు కొనేవాళ్ల ముందు త్రాసే ఉండదు. ఈ ముక్క మొదటిసారి చెప్పినప్పుడు నువ్వు "తూకమెయ్యకుండ బంగారం అమ్ముతరా? దొంగలు!" అన్నావు. నేనూ మొదట్లో అదే అనుకున్నాను.

ఒకరోజు ఒక పాత వజ్రపుటుంగరాన్ని తిరగేసి చూశాను. వజ్రం కింద, చర్మానికి ఆనే చోట, బంగారాన్ని తేనెపట్టు గదుల్లా తొలిచి, ఒక్కో గదినీ అద్దంలా నునుపు చేశారు. పెట్టుకున్న మనిషికి కూడా కనిపించని చోటమ్మా అది. ఎవరు చూస్తారని చేశాడు ఆ పనివాడు? ఆ రోజు నా నోట ఎకసెక్కం రాలేదు. జ్వరమొచ్చిందేమోనని పక్కనున్నవాళ్లు అడిగారు. కొత్త ఉంగరాలనూ తక్కువ చేయను. కింది అంతస్తులో ఒకటుంది, సన్నని బంగారు తీగ చుట్టూ తిరిగి వచ్చి, కలవబోయి ఆగిపోతుంది. ఆ సందులో వజ్రం గాలిలో నిలబడినట్టే ఉంటుంది. ఏది పట్టుకుందో ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఇక వాన. మన దగ్గర వాన వస్తే వచ్చినట్టు వచ్చి పోతుంది. ఇక్కడిది చుట్టం చూపుగా వచ్చి నెలలకొద్దీ తిష్ఠ వేస్తుంది. ఊరి మధ్యలో నది ఉంది, గోదావరి ముందు మన వాగు లాంటిది. ఆ మాట ఇక్కడ ఎవరి దగ్గరా అనలేదు, ఉద్యోగం కావాలి కదా. నా రూమ్మేట్ జనార్దన్, మన వేంసూరు పిల్లగాడు, వంట చేస్తాడు. వాడి పప్పులో ఉప్పు ఉండదు, మాటల్లో ఉంటుంది. ఆదివారాలు మాత్రం కొంచెం కష్టం. వాడు పనికి పోతే గదిలో నా జోకులకు నేనే నవ్వుకోవాలి. బాగున్నానులే, నిజంగా బాగున్నాను.

అసలు విషయానికి వస్తున్నాను. సతీష్ బావతో నిశ్చితార్థం ఖాయమైన రోజునే అక్క చెప్పింది కదా, "నా ఉంగరం నా జీతంతోని నేనే కొనుక్కుంట. మా తమ్ముడి కొట్ల కొనుక్కుంట" అని. అంగడిలో పనిచేసేవాళ్లకు రాయితీ ఉంది కాబట్టి సాధ్యమైంది. ధర అక్కకు తెలుసు. నీకు తెలియకపోవడమే నీ మోకాలికి మంచిది. మేనేజర్ అనుమతితో వీడియోలో రెండు చూపించాను, ఆ తీగ ఉంగరం ఒకటి, పై అంతస్తులోని పాతది ఒకటి. అక్క తీగ ఉంగరాన్ని చాలాసేపు చూసి "మస్తుంది తమ్మీ" అన్నది. తర్వాత ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని, "గా రెండోది... వెదురు కదరా?" అన్నది.

వెదురే. చుట్టూ కణుపులు తేలిన బంగారు వెదురు. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. కాగితం మిల్లు యార్డులో ఏళ్ల తరబడి వెదురు కట్టలు దింపించిన మనిషి. ఇప్పుడు ఎక్కువగా జామాయిల్ కర్రే వస్తుందని గునిసే మనిషి. కణుపు పక్కన చిన్న మొగ్గ కూడా చెక్కి ఉండటం చూసి, "ఎవడు చేసిండో గనీ, వెదురును దగ్గరుండి చూసినోడేరా" అన్నాడు. అక్క అప్పుడే దాని మీద మనసుపడింది. దవాఖానాలో గ్లౌజుల గోల, డ్యూటీలో ఉంగరం పెట్టుకోవడం కుదరదు. అయినా అదే కావాలన్నది. చిన్నప్పటి నుంచి అక్క ఏదైనా "కావాలె" అనడం నువ్వు ఎన్నిసార్లు విన్నావు?

వెనక నుంచి నీ గొంతు వచ్చింది. "ఎవ్వరో పెట్టుకున్న ఉంగరం నా బిడ్డకు తొడిగిస్తవా? కరిగియ్యకుండనా?"

"అమ్మా, అది పెట్టుకున్నామె పండుముసలి అయ్యేదాకా బతికిందట. మనవరాలే తెచ్చి ఇచ్చింది."

"పుణ్యస్త్రీగ పోయిందా? అడిగినవా?"

అది అడగడానికి నా ఫ్రెంచ్ సరిపోలేదమ్మా.

"బంగారం చెయ్యి మారితే నిప్పు చూడాలె. మీ నాయనమ్మ నాకు చెప్పింది, నేను నీకు చెప్తున్న. వస్తే రానియ్యి, రామాచారి దగ్గర కరిగిచ్చి కొత్తది చేపిస్త" అన్నావు. రామాచారి మామ పొయ్యిలో ఆ వెదురు ముద్దైపోవడం తలచుకుని నాకు చెమట పట్టింది, పారిస్ చలిలో. "అమ్మకు ఇష్టం లేకుంటే వద్దులే తమ్మీ" అని అక్క తర్వాత మెసేజ్ పెట్టింది. ఆ "లే" నాకు నచ్చలేదు.

మర్నాడు నిన్ను ఒప్పించాలని ఫోన్ చేస్తే నువ్వు ఇంకో బాంబు వేశావు. అక్క వేలి కొలతకు దారం పంపారు కదా, ఆ దారం ఉంగరానికి అతికినట్టు సరిపోయిందని నేను మురిసిపోతుంటే, "సరిపోదా మరి? పసుపునీళ్లల్ల నానబెట్టి, ఎండబెట్టి పంపిన. పెండ్లి పనికి ఉత్త తెల్లదారం పంపుతరా ఎవలన్న?" అన్నావు, గర్వంగా.

నానితే దారం కుంచించుకుపోతుందేమోనని నాకు అనుమానం వచ్చింది. ఇంకో నూలు దారం నా వేలికి ముడి వేసి, తీసి, జనార్దన్ పసుపు డబ్బా ఖాళీ చేసి నానబెట్టి, హీటర్ మీద ఆరబెట్టాను. మళ్లీ తొడిగితే కణుపు దాటలేదు, నా వేలి కణుపు. పసుపుకు శుభమే తెలుసు, కొలతలు తెలియవు. అక్కతో కాగితం పట్టీ చుట్టించి మళ్లీ కొలిపించాను. సారపాకలో పుట్టి, కాగితం ఉండగా దారంతో కొలవడం ఏమిటో. ఉంగరం చిన్నదని తేలింది. అక్క వేలికి సగంలోనే ఆగిపోతుంది.

మా నగలు చేసే పనివాళ్ల గదికి పెద్ద మదాం సొలాంజ్. ఆమె దగ్గరికి పోయాను. ఉంగరాన్ని భూతద్దం కింద పెట్టి పెదవి విరిచింది. "పెంచాలంటే కోసి, మధ్యలో ముక్క పెట్టాలి. అప్పుడు ఒకచోట కణుపుల మధ్య ఎడం ఎక్కువైపోతుంది. మిగతావి సమానంగా ఉండి ఒకటి పొడుగ్గా ఉంటే వికారం. అలాంటిది ఈ గది దాటి పోనివ్వను" అన్నది.

"మదాం, మీరు వెదురును చూశారా?"

"తోటల్లో చూశాను."

"మా నాన్న వెదురులోనే బతికాడు" అని చెప్పి, అప్పటికప్పుడు నాన్నకు వీడియో కాల్ చేశాను. గుర్తుందా, ఎర్రటి ఎండలో నాన్నను యార్డుకు పంపమని నీ ప్రాణం తీశాను? ఆ పని ఇదే. నాన్న ఒక బొంగు వెంట ఫోన్ పట్టుకుని మొదలు నుంచి కొస దాకా నడిచాడు. మొదలు వైపు కణుపులు దగ్గరదగ్గరగా, నడుమ దూరం, కొసన మళ్లీ దగ్గర. "చెప్పు ఆమెకు, ఏ బొంగుకన్న కణుపులు సమానంగ ఉంటయా అని!" అని నాన్న అరిచాడు. నేను అనువదించాను, అరుపు తప్ప. మదాం ఫోన్‌లో బొంగును మళ్లీ చూసింది, ఉంగరం చూసింది, నవ్వింది. "అయితే తప్పు మా పాత పనివాడిదే. దిద్దుదాం" అన్నది.

ఆ సాయంత్రం నీకు ఫోన్ చేసి కోసి అతుకుతారని చెప్పాను. నువ్వు అడిగావు, "మంటల పెడ్తరా?"

"పెడతారమ్మా."

"ఎర్రగ కాలుతదా? ఉంగరం మొత్తం?"

"తెలియదమ్మా."

"దగ్గరుండి చూడు. చూసింది చూసినట్టు రాయి. గప్పుడు చెప్త" అన్నావు.

చూశాను. ఇక్కడి నుంచి ఒక్క ఎకసెక్కం కూడా లేదు.

మదాం సొలాంజ్ వెంట్రుకంత సన్నని రంపంతో ఒక కణుపు పక్కన కోసింది. లోపలి ముద్రకు రంపం తగలనివ్వలేదు. అదే రంగు బంగారం ముక్కను ఒంచి, ఆ సందులో పెట్టింది. గదిలో లైటు తగ్గించింది, మంట రంగు తెలియాలట. మంట మన అగ్గిపుల్ల మంట కన్నా కొంచెం పెద్దది, నీలంగా ఉంది. ముందు ఉంగరం మసకబారింది. తర్వాత నల్లబడింది. తర్వాత, అమ్మా, ఎర్రబడింది. అతుకు ఒక్కటే కాదు, చుట్టూ, మొత్తం, ప్రతి కణుపూ, నీ పొయ్యిలో ఊదినప్పటి నిప్పు రంగు. అతుకు మీద మెరుపు ఒకటి పరుగెత్తింది. నీళ్లలో వేస్తే చుయ్‌మన్నది. బయటికి తీసినప్పుడు నల్లటి వెదురు. మెరుగు పెట్టాక మళ్లీ బంగారం. కానీ ఇప్పుడు ఒకచోట ఎడం పొడుగ్గా ఉంది, యార్డులో నాన్న నడిచి చూపించిన బొంగులాగే. మదాం దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇప్పుడు ఇది పెరిగినట్టుంది" అన్నది.

నేను చూసింది ఇదీ. నువ్వు దారాన్ని పసుపునీళ్లలో ముంచకపోతే కొలత తప్పేది కాదు, ఉంగరం నిప్పు చూసేది కాదు. నేను ఎన్ని కథలు చెప్పినా చేయలేని పని నీ పసుపు చేసింది. ఇక నాకు వాదన లేదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం నీ చేతిలో ఉంది. ఇస్తే మాత్రం రామాచారి మామకు కాదు, అక్కకు ఇవ్వు. మామ గీటురాయి మీద గీసి "కల్తీ" అంటాడు. నగ గట్టిగా నిలవాలని ఇక్కడ బంగారంలో కొంత వేరే లోహం కలుపుతారు. ఆ మాట అనకముందే మామకు చాయ్ తాగించు.

ఈ కాగితమూ ఉంగరమూ జనార్దన్ తెస్తున్నాడు. వాడికి అన్నం పెట్టి, ఉప్పెంత వేయాలో చూపించు. తిరిగి వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి, ఇప్పపువ్వు లడ్డూలు పంపు. లడ్డూలు లెక్కపెట్టి వాడి ముందే మూత వేయి. నిశ్చితార్థానికి నాకు సెలవు దొరకలేదు. అక్క వేలికి ఉంగరం పెట్టేటప్పుడు ఫోన్ నాన్న చేతికి ఇవ్వకండి, బొంగు వెంట నడిచినట్టు పందిరంతా తిరుగుతాడు.

నాన్నకు, రామాచారి మామకు నా దండాలు. శేషమ్మత్తకు ప్రత్యేక దండం, నిలబడి పెడుతున్నాను. సతీష్ బావకు నమస్కారాలు. అక్కకు ముద్దులు. నీ పాదాలకు మొక్కుతున్నాను, దీవించు.

పైన రాసిందంతా కళ్లారా చూసి రాశానని ఇందుమూలముగా సంతకం చేస్తున్న

నీ కొడుకు,
శ్రీను

ఒక్క మాట మరిచాను. అక్కకు ఇచ్చే ముందు ఉంగరాన్ని పసుపునీళ్లలో ముంచాలనిపిస్తే ఎంతసేపైనా ముంచు. బంగారం కుంచించుకుపోదు.