తీరం దాటని తుఫాను

జలంత్రకోట

అధికారి గారికి నమస్కారాలు.

మొన్న మధ్యాహ్నం మా బడి ఆవరణలో గుడారం వేసి, పెద్ద తెర మీద మీరు చూపించిన అంతరిక్షం సినిమాను జనం సగంలో ఎందుకు వదిలేసి పోయారో రాసి పంపమన్నారు. సినిమా నచ్చక పోలేదండి. చంద్రుణ్ణి, శనిగ్రహాన్ని కదలకుండా చూశారు. తర్వాత తెర నిండా తెల్లగా సుడి తిరుగుతూ ఒక గెలాక్సీ వచ్చింది. కిందటి తుఫానప్పుడు టీవీలో అలాంటి బొమ్మ కనబడ్డాకే మా ఉద్దానంలో కొబ్బరితోటలు నేలకొరిగాయి.

జీడిరైతు దాలయ్య లేచి, "మాస్టారూ, ఇది తీరమెక్కడ దాటతాదట?" అన్నాడు. అది మన దగ్గరికి రాదని చెప్పాను. "కిందటిసారీ రాదనే సెప్పినారు," అన్నాడు. ఆడవాళ్లు మంచినీళ్లు పట్టడానికి, మగవాళ్లు ఆరబోసిన జీడిపిక్కలు ఎత్తడానికి లేచారు.

వాళ్లను ఆపుదామని, భయం లేదు, మనం ఉన్నదీ ఇలాంటి గెలాక్సీ లోపలే అన్నాను. సైన్సు మాస్టారుగా నా తప్పు అదొక్కటే.

"లోపలే ఉన్నామా? అయితే తుఫాను కన్నులో ఉన్నట్టే. అందుకే ఆకు కదల్లేదు. కన్ను దాటితే మల్లీ కొడతాది," అని దాలయ్య మిగిలినవాళ్లను కూడా లేపుకుపోయాడు.

మీ ఫారంలో 'ప్రేక్షకుల సందేహాలు తీరాయా' అన్నచోట తీరాయనే రాశాను. ఆ సాయంత్రం మా ఇంట్లోనూ డ్రమ్ము నిండా నీళ్లు పట్టుకున్నాం. అది రాయడానికి ఫారంలో గడి లేదు.

ఇట్లు,
బడి సైన్సు మాస్టారు