రాయి మీదకు నా ఫోటో

యాస్నా తల్లీ, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు.

మీ తాత మిలుతిన్ సమాధి రాయి మీద ఆయన పక్కన నా ఫోటో కూడా మన ఊళ్ళో అందరిలాగే బతికుండగానే పెట్టించుకుందామని ఫోటోలు తీసే రాడోయ్‌ని పిలిచాను. అతను కెమెరా మీద ఫ్లాష్ పెట్టి వెలుగు సూటిగా నా మొహాన కొట్టాడు. ఫోటో చూసి పక్కింటి స్తానా, "ఇదేంటే విదా, కోళ్ళ దొంగలా ఉన్నావు! నిన్ను చూస్తే మిలుతిన్ అటు తిరిగి పడుకుంటాడు" అంది. నాకు ఏడుపొచ్చింది. రాడోయ్ ఫ్లాష్ తల పైకి తిప్పాడు. పొయ్యి పొగకు నల్లబడిన ఇంటి కప్పు ఆ వెలుగంతా మింగేసింది. చివరికి సున్నం కొట్టిన గోడవైపు తిప్పితే, వెలుగు గోడకు తగిలి మెత్తగా నా మీదకు వచ్చింది. ముడతలన్నీ ఉన్నాయి కానీ నేను నాలాగే ఉన్నాను. "ఇప్పుడు గుర్తుపడతాడులే" అంది స్తానా.

నువ్వు పెళ్ళిళ్ళకు తీయడానికి కొనే ఫ్లాష్ తల తిరిగేదే కొను. చవకని తిరగనిది తేకు. బ్యాటరీలు ఇంకో జత దగ్గరుంచుకో. వేళకు తింటున్నావా? దగ్గు తగ్గిందా?

రాయికి ఒక ఫోటో అయింది. నీ గోడకు ఒకటి నువ్వే వచ్చి తియ్యి, అందులో నవ్వుతాను. దేవమాత నిన్ను చల్లగా చూడాలి.

మీ నానమ్మ విదోసావా